ఏ బడిలో చదువు గట్టిది?

ఆంగ్లంలో చదువు చెప్పే ప్రతి బడినీ ‘కాన్వెంటు’ అనటం మన ఊళ్లలో వాడుక. కన్యాస్త్రీ మచ్చుకైనా కానరాని చోటకూడా ఆ పేరు స్థిరపడిపోయింది. క్రైస్తవ సన్యాసినులు నడిపే బడిలో చదువు గట్టిగా ఉంటుందన్న నమ్మకమే ఇందుకు మూలం. ఈ నమ్మకంలో నిజమెంత? లెక్కలు వేసి తేల్చే ప్రయత్నం అమెరికాలో విస్తృతంగా జరిగింది. అక్కడ ‘పబ్లిక్ స్కూలు’ అంటే ప్రభుత్వ పాఠశాల అని పాఠకులు గమనించాలి. మన దేశంలోవలె సంపన్నుల బిడ్డలు చదివే ఖరీదైన బడి కాదు.

ఐర్లండు, జర్మనీ, ఇటలీ, పోలండుల నుండి వలస వచ్చిన కేథలిక్కులకు అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లోని ప్రొటెస్టెంటు వాతావరణం మింగుడు పడలేదు. బడిలో ఏ బైబిలు చదవాలన్న తగవు ముదిరి 1844లో ఫిలడెల్ఫియాలో దొమ్మీలు చెలరేగాయి, చర్చీలు తగలబడ్డాయి. 1884లో బాల్టిమోరులో సమావేశమైన బిషప్పులు ప్రతి చర్చి తన బడిని తానే కట్టుకోవాలని ఆదేశించారు. 1960ల మధ్యనాటికి ఆ బడులలో 50 లక్షలకు పైగా పిల్లలు చదువుతూండేవారు. స్వల్పమైన భత్యంతో కన్యాస్త్రీలు పాఠాలు చెప్పేవారు. తరగతికి యాభై, అరవై మంది ఉండటం వింత కాదు.

ఈ బడులను తూకం వేసినవారిలో ముఖ్యుడు జేమ్స్ కోల్మన్ అనే సామాజిక శాస్త్రవేత్త. 1966లో సుమారు 6 లక్షల మంది విద్యార్థులను పరీక్షించి, పిల్లల చదువును నిర్ణయించడంలో బడికి ఉన్న వసతులకంటె ఇంటి పరిస్థితులే ప్రధానమని చాటిన పండితుడాయన. అంతటివాడే 1982లో తన సహచరులతో కలసి మరొక గ్రంథం వెలువరించి, కేథలిక్ ఉన్నత పాఠశాలల విద్యార్థులు, ఇంటి స్థితిగతులను లెక్కలోకి తీసుకున్నాకూడా, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకంటె ముందున్నారని ప్రకటించాడు. వెయ్యికి పైగా పాఠశాలల్లో 58 వేల మందికి పైగా విద్యార్థులపై 1980లో జరిగిన సర్వే దీనికి ఆధారం. ఆ విద్యార్థులనే రెండేళ్ల తరువాత మళ్లీ పలకరించగా, ప్రభుత్వ పాఠశాలల్లో నూటికి సుమారు 14 మంది చదువు మానేశారు. కేథలిక్ బడులలో ఆ సంఖ్య నాలుగుకు లోపే. ఇతర ప్రైవేటు బడులలోనో, సుమారు 12! కనుక ఇది కేవలం రుసుము చెల్లించడం వల్ల కలిగిన గుణం కాదు.

మరి ఆ బడులలో ఉన్న విశేషమేమిటి? కొత్త బోధనా పద్ధతులేవీ లేవు. పాత పద్ధతిలోనే పాఠం, ఇంటిపని, పరీక్ష. తేడా అంతా ఎవరికి ఏమి చెప్పారన్న దానిలో ఉన్నది. ఆనాటి ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఐచ్ఛిక విషయాల జాబితా చాంతాడంత ఉండేది. 1983లో ‘ఎ నేషన్ ఎట్ రిస్క్’ అనే ప్రభుత్వ నివేదిక ఆ తీరును ఫలహారశాలతో పోల్చింది. పచ్చళ్లతో, అప్పడాలతో విస్తరి నిండిపోతే అన్నానికి చోటెక్కడిది? పైగా, కళాశాలకు వెళ్లదగినవారు వీరు, వృత్తివిద్య చాలినవారు వారు అని పిల్లలను ముందే విడదీసేవారు. కళాశాలకు సిద్ధం చేసే తరగతులలో ప్రభుత్వ విద్యార్థులు మూడింట ఒకవంతు మాత్రమే ఉండగా, కేథలిక్ విద్యార్థులు పదింట ఏడుగురు ఉండేవారు. కూలివాని కొడుకైనా, వకీలు కూతురైనా బీజగణితం చదవవలసిందే. నాకు తోచినంతవరకు, దీనికి పేదరికం కూడా ఒక కారణమే: నలభై రకాల పాఠాలకు ఉపాధ్యాయులను నియమించే స్తోమత ఆ బడులకు లేదు!

దీనిపై ఆక్షేపణలు రాకపోలేదు. రుసుము చెల్లించి పిల్లలను పంపే తల్లిదండ్రులు స్వతహాగానే చదువుపై శ్రద్ధ గలవారు; పైగా కేథలిక్ బడి తనకు వద్దనుకున్న విద్యార్థిని నిరాకరించగలదు, ప్రభుత్వ పాఠశాలకు ఆ స్వేచ్ఛ లేదు. ఇది బలమైన వాదమే. ఈ చిక్కును విప్పడానికి 2005లో ఆల్టన్జీ, ఎల్డర్, టేబర్ అనే ఆర్థికవేత్తలు ప్రయత్నించారు. కేథలిక్ ఉన్నత పాఠశాలలో చేరడంవల్ల చదువు పూర్తిచేసే అవకాశం గణనీయంగా పెరుగుతుందనీ, పరీక్ష మార్కులలో మాత్రం ఆధిక్యానికి సాక్ష్యం అంతగా లేదనీ వారు తేల్చారు. అంటే, బడి పిల్లలను మేధావులుగా మార్చలేదు గాని, చేయి విడవలేదు.

చేయి విడవకపోవడమే అసలు సంగతి అని ఆంథొనీ బ్రైక్, వాలెరీ లీ, పీటర్ హాలండ్ 1993లో వెలువరించిన గ్రంథం చదివితే అనిపిస్తుంది. అందరికీ ఒకే పాఠ్యక్రమం, బడి చిన్నది కావడం, ప్రతి విద్యార్థినీ పేరుపెట్టి పిలవగల ఉపాధ్యాయులు ఉండటం — ఈ మూడూ కలసి పనిచేశాయని వారి భావం. విడదీస్తే ఏమవుతుందో షికాగో నగరం చూపించింది. 1997లో అక్కడి ప్రభుత్వ పాఠశాలలు మందమతుల తరగతులు ఎత్తివేసి, తొమ్మిదవ తరగతిలో అందరికీ బీజగణితం విధించాయి. తరువాత పరిశోధకులు లెక్క చూస్తే, తప్పినవారు పెరిగారు, పరీక్ష మార్కులు పెరగలేదు. కఠినమైన పాఠాన్ని ఒక్క ఉత్తర్వుతో ప్రవేశపెట్టవచ్చు. వెనకబడిన పిల్లవాడిని సాయంత్రం కూర్చోబెట్టి చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఉత్తర్వుతో సృష్టించలేము.

ఈలోగా కేథలిక్ బడులే తరిగిపోయాయి. కన్యాస్త్రీల సంఖ్య క్షీణించి, జీతాలిచ్చి గృహస్థులను నియమించుకోవలసి రావడంతో రుసుములు పెరిగాయి. కేథలిక్ కుటుంబాలు శివారులకు తరలిపోగా, నగరాల నడిబొడ్డున మిగిలిన బడులలో నల్లజాతి పిల్లలు, కేథలిక్కులు కానివారు కూడా చేరారు. ఆ పేద పేటల బడులే ఎక్కువగా మూతపడ్డాయి. ఒకనాడు దేశమంతటా సుమారు 13 వేల బడులు. నేడు 6 వేలు కూడా లేవు. పిల్లలు సుమారు 17 లక్షలు.