బరువు తగ్గాక రొమ్ముల ఆపరేషన్ – ఎప్పుడు చేయించుకోవాలి?



మనం నోరు తెరిచి చెప్పుకోవడానికి సంకోచించే ఒక విషయాన్ని ఈసారి తెలుసుకుందాం. షుగరు కోసమో, మోకాళ్ల నొప్పుల కోసమో డాక్టరు సలహా మేరకు ఎంతో శ్రమపడి బరువు తగ్గినవారు మనలో ఉన్నారు. కొందరు బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకుని 20, 30 కిలోలు తగ్గుతున్నారు. ఇది సంతోషకరమైన విషయమే. కాని కొందరికి రొమ్ములు బాగా జారిపోతాయి. మరికొందరికి ఒళ్లంతా తగ్గినా రొమ్ముల బరువు మాత్రం అంతగా తగ్గదు. "ఈ వయసులో ఇది అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో" అని పైట సర్దుకుని ఊరుకుంటారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. దీనికి చికిత్స ఉంది. అయితే ఆ చికిత్సకు తగిన సమయం కూడా ఉంది.

ఎందుకు జారిపోతాయి?

రొమ్ములో పాలగ్రంథులతో పాటు కొవ్వు ఉంటుంది. లోపల నారపోగుల వంటి కట్లు, పైన చర్మం కలిసి రొమ్మును నిలిపి ఉంచుతాయి. ఒళ్లు వచ్చినప్పుడు ఇవి సాగుతాయి. తరువాత కొవ్వు కరిగినా, బాగా సాగిన చర్మం మునుపటిలా బిగుసుకోదు. గింజలు తీసేసిన గోనెసంచిలా వదులుగా మిగిలిపోతుంది. వ్యాయామం వల్ల రొమ్ము వెనుక ఉన్న ఛాతీ కండరం గట్టిపడుతుంది గాని, జారిన రొమ్ము పైకి రాదు. పూతమందులు, నూనెలు కూడా ఈ పని చేయలేవు. వాటి మీద డబ్బు పాడుచేసుకోకండి.

రెండు రకాల ఆపరేషన్లు

రొమ్ములు మరీ పెద్దవిగా ఉంటే కొంత కొవ్వును, గ్రంథిని, చర్మాన్ని తీసివేసి పరిమాణం తగ్గిస్తారు. దీనిని రిడక్షన్ అంటారు. పరిమాణం సరిపోయి, కేవలం జారిపోయి ఉంటే అదనపు చర్మాన్ని తీసి, చనుమొనను పైకి జరిపి బిగిస్తారు. దీనిని లిఫ్ట్ అంటారు. రెండింటిలోనూ మచ్చలు మిగులుతాయి. కాలక్రమేణా అవి పలచబడతాయి గాని పూర్తిగా పోవు. చనుమొన దగ్గర స్పర్శ తగ్గవచ్చు. ముఖ్యంగా రిడక్షన్ తరువాత బిడ్డకు చాలినన్ని పాలు రాకపోవచ్చు.

తొందర ఎందుకు వద్దు?

"వేసవిలో అమ్మాయి పెళ్లి ఉంది, ఆ లోపే చేసేయండి" అని అడిగేవారుంటారు. 90 కిలోల నుండి 78కి వచ్చి, ఇంకా తగ్గుతూ ఉన్న ఒక తల్లిని ఊహించుకోండి. ఇప్పుడే ఆపరేషన్ చేస్తే, రేపు ఆమె 65 కిలోలకు వచ్చేసరికి బిగించిన చర్మం మళ్లీ వదులవుతుంది. అప్పుడు రెండవసారి కోయవలసి రావచ్చు. మొదటిసారి కంటే రెండవసారి చనుమొనకు రక్తప్రసరణ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఖర్చు కూడా రెండింతలు. లిఫ్ట్‌ను బీమా సంస్థలు సాధారణంగా అందం కోసం చేసే చికిత్సగానే లెక్కిస్తాయి. కాబట్టి ఆ భారం ఇంటి మీదే పడుతుంది.

ఎంతకాలం ఆగాలి?

బరువు ఒకచోట నిలిచిన తరువాత 6 నెలలు ఆగడం మంచిది. బేరియాట్రిక్ ఆపరేషన్ అయినవారికి బరువు నిలవడానికే 12 నుండి 18 నెలలు పట్టవచ్చు. నెలకొకసారి ఉదయం పరగడుపున, ఒకే మిషను మీద బరువు చూసుకుని పుస్తకంలో రాసుకోండి. ఆరు నెలల అంకెల మధ్య తేడా రెండు మూడు కిలోలు దాటకపోతే బరువు నిలిచినట్టే.

ఇంకా పిల్లలు కావాలనుకునేవారు కాన్పులయ్యే వరకు ఆగితే మేలు. గర్భంతో రొమ్ములు మళ్లీ పెరిగి తగ్గుతాయి. పాలు మాన్పించాక కూడా కనీసం 3 నుండి 6 నెలలు ఆగాలి.

ఆగే రోజుల్లో చేయవలసినవి

ఎక్కువ బరువు తగ్గినవారిలో రక్తహీనత, మాంసకృత్తుల లోపం ఉంటే పుండు త్వరగా మానదు. రక్తపరీక్షలు చేయించుకోండి. గుడ్లు, పప్పు, పాలు, చేపలు సరిపడా తీసుకోండి. షుగరు అదుపులో ఉంచుకోండి. చుట్ట, బీడీ తాగేవారు ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే మానాలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే పెద్దమ్మలకూ ఇదే మాట. పొగాకు రక్తనాళాలను కుదించడం వల్ల చనుమొన నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఉంది. 40 ఏళ్లు దాటినవారు ముందుగా మామోగ్రామ్ తీయించుకోవాలి.

ఎవరు వెంటనే రావాలి?

రొమ్ములో గడ్డ, చనుమొన నుండి రక్తం, చర్మం లోపలికి లాగినట్టుండటం కనిపిస్తే బరువు నిలిచేదాకా ఆగకండి. అవి క్యాన్సరు లక్షణాలు కావచ్చు.

రొమ్ముల బరువుతో మెడ, భుజాలు విపరీతంగా నొప్పి పెడుతున్నా, బ్రా పట్టీలు భుజంలో గాట్లు పెడుతున్నా, రొమ్ముల కింద చెమటకు ఒరిసి పుండ్లు పడుతున్నా ఓర్చుకుంటూ కూర్చోవద్దు. నడవడానికి కూడా ఆ బరువే అడ్డమైనప్పుడు కొందరికి రిడక్షన్ ముందే చేయవలసి వస్తుంది. అది సర్జన్ పరీక్షించి నిర్ణయించాలి. ఈలోగా సరైన కొలత బ్రా వేసుకోండి. రొమ్ముల కింద కడిగి, తడి లేకుండా తుడిచి, మెత్తని నూలుగుడ్డ పెట్టుకోండి. ఎర్రబడి దురద పెడితే బూజు తెగులుకు మందు అవసరం కావచ్చు. డాక్టరుకు చూపించండి.

ఆపరేషన్ తరువాత

సుమారు ఆరు వారాలు బిగువైన బ్రా వేసుకోవాలి. నీళ్ల బిందెలు ఎత్తడం, పిల్లలను చంకనెత్తుకోవడం, పిండి రుబ్బడం వంటివి డాక్టరు చెప్పేవరకు వద్దు. ఇంట్లో ఆ పని ఎవరు అందుకుంటారో ముందే మాట్లాడుకోండి. భర్తలు, కోడళ్లు, కొడుకులు కూడా ఈ పేరా చదవాలని మా కోరిక.

అమ్మా, మీరు బరువు తగ్గడానికి చూపిన ఓర్పునే ఇంకొన్ని నెలలు చూపండి. డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు బరువు రాసుకున్న పుస్తకం తీసుకురండి. మాట అక్కడ నుండి మొదలుపెడితే సిగ్గు దానంతట అదే తగ్గుతుంది. ప్రభువు మీకు ఆరోగ్యాన్ని, నెమ్మదిని దయచేయును గాక.