ఐ.సి.యు. నుంచి సరాసరి ఇంటికా?

“ఐ.సి.యు. నుంచి సరాసరి ఇంటికే పంపేశారండీ!” మా కుత్బుల్లాపూర్‌లో ఈ మాట విన్నప్పుడల్లా నాకు సంతోషం సగం, గుబులు సగం.

1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో చెలరేగినప్పుడు, వూపిరాడని రోగులకు వైద్య విద్యార్థులు రాత్రింబవళ్లు చేత్తో గాలిసంచి నొక్కి ప్రాణాలు నిలిపారు. మరుసటి ఏడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు అటువంటి రోగులకోసం ప్రత్యేక వార్డు పెట్టాడు. అదే ఐ.సి.యు.కు నాంది. అక్కణ్ణుంచి మామూలు వార్డుకు, ఆపైన ఇంటికి — ఇదీ ఆనవాయితీ.

మరి వార్డు దాటేసి వెళితే ప్రమాదమా? కెనడాలోని అల్బెర్టాలో 6,732 మందిని పరిశీలించి, 2018లో లెక్క ప్రకటించారు. సరాసరి ఇంటికి వెళ్లినవారు 922 మంది. నెలలోగా తిరిగి ఆస్పత్రిలో చేరినవారు రెండు తెగల్లోనూ ఇంచుమించు సమానమే! అయితే, సరాసరి వెళ్లినవారు తక్కినవారికంటె వయసులో చిన్నవారు, జబ్బు తీవ్రత తక్కువగా వున్నవారు. బిల్లుకు జడిసి, డాక్టరు వద్దన్నా సంతకం పెట్టి తెచ్చుకోవడం ఈ లెక్కలోకి రాదు సుమా!

ఇరుగుపొరుగు అడిగితే నేను చెప్పేది ఇంతే. ఏ మందు వాడాలో, ఏది మానాలో కాగితంమీద రాయించుకోండి. ఆయాసం, జ్వరం, మగత, మూత్రం తగ్గడం — వీటిలో ఏది కనబడితే పరిగెత్తాలో అడగండి. మళ్లీ ఎప్పుడు చూపించాలో తెలుసుకోండి. ఆలుమగలిద్దరూ జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు వెళ్లే ఇంట్లో, పగలు రోగిని కనిపెట్టుకునేదెవరో ముందే తేల్చుకోండి. అత్యవసరమైతే 108 వుండనే వుంది.

ఇవన్నీ తేలాకనే ఆటో పిలవండి.