పేరు లేని గాలివాన

దాళ్వా (రెండో పంట వరి) మాసూళ్లకూ వేసవి ఉరుములకూ ముహూర్తం ఒకటే. హెచ్చరిక సెల్‌ఫోన్‌కి వచ్చేస్తోంది. ధాన్యాన్ని కదిలించే లారీయే అంత తొందరగా రావడం లేదు.

'ఉత్తర కోస్తా, యానాంలలో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశముంది. గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీచే అవకాశముంది.' ఏప్రిల్ రెండో పక్షం మొదలైందంటే అమరావతి వాతావరణ కేంద్రం నుంచి ఇంచుమించు ఇవే మాటలు వినబడతాయి. (యానాం పుదుచ్చేరిదే అయినా మన వాతావరణ బులెటిన్‌లో దాని పేరు రాని రోజుండదు. అంత చిన్న ఊరికి అంత ప్రచారం ఇంకెక్కడా దక్కదు.) పట్నంలో ఉన్నవాళ్లకు ఈ కబురు చల్లగా ఉంటుంది. గోదావరి జిల్లాల్లోని పెరవలిలో, ఉండ్రాజవరంలో, ఆలమూరులో, మండపేటలో గుండె గుభేలుమంటుంది. ఆ వేళకు అక్కడ రోడ్డు వారన బారులు తీరి ధాన్యం ఆరుతుంటుంది.

ఈ సూచనలో వాడే ప్రతి మాటకూ వాతావరణ శాఖ దగ్గర ఒక కొలత ఉంది. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నూటికి 25 లేదా అంతకన్నా తక్కువ చోట్ల వాన నమోదైతే 'ఒకటి రెండు చోట్ల' అంటారు. 50 దాకా అయితే 'కొన్ని చోట్ల', 75 దాకా అయితే 'అనేక చోట్ల', అది దాటితే 'చాలా చోట్ల'. తూకం వేసి వాడే మాటలే ఇవన్నీ. కళ్లంలో ఉన్న మనిషికి మాత్రం ఆ తూకం పనికి రాదు. పక్క ఊళ్లో కుండపోత కురిసి తన ఊళ్లో చినుకు పడకపోయినా సూచన నిజమైనట్టే. తన ధాన్యం తడిసి పక్క ఊరు పొడిగా మిగిలినా నిజమైనట్టే. ఆషాఢంలో వాన ఎంత పడుతుందన్నది ప్రశ్న. వైశాఖంలో ఎక్కడ పడుతుందన్నది ప్రశ్న. రెండో దానికి జవాబు చెప్పడం చాలా కష్టం.

ఎందుకు కష్టమో ఆ మేఘం పుట్టుక చూస్తే తెలుస్తుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ నేలలు పొద్దుటి నుంచీ కాగుతాయి. బంగాళాఖాతం మీంచి వచ్చే ఆగ్నేయ, దక్షిణ గాలులు తేమను మోసుకొస్తాయి. విదర్భ నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా ఓ ద్రోణి సాగిందంటే (బులెటిన్లలో 'గాలి విచ్ఛిన్నత' అని వినబడేదీ దాదాపు ఇలాంటిదే) ఆ అంచున పొడిగాలీ తేమగాలీ ఎదురుపడతాయి. మధ్యాహ్నం దాటేసరికి మేఘం పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు ఎగబాకుతుంది. అంత పైన నీరు మంచుగా మారుతుంది. ఆ మంచు పలుకులూ వడగళ్లూ ఒరుసుకున్నప్పుడు పోగయ్యే విద్యుత్తే పిడుగై దిగుతుంది. వాన పట్టుకునే వేళకు మేఘంలోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దూకి, నేలకు తగిలి నాలుగు వైపులా పరుచుకుంటుంది. కోతకొచ్చిన చేలను పడగొట్టేదీ, రావులపాలెం చుట్టుపక్కల గెలలతో ఉన్న అరటిని నడిమికి విరిచేదీ ఈ గాలే. చినుకులు దాని వెనకాల వస్తాయి.

ఇంత హంగామా కలిసి ఒకటి రెండు గంటల్లో పుట్టి, పెరిగి, అయిపోతుంది. అందుకే పెద్దవాళ్లు చెప్పే 'దూరపు గుడి దగ్గర వాన' గుర్తు దీనికి పనిచేయదు. చంద్రుడి చుట్టూ గుడి కట్టేది ఎంతో ఎత్తున పరుచుకున్న పల్చటి మంచు మబ్బు వల్ల. సముద్రంలోంచి రోజుల తరబడి నడిచి వచ్చే వాయుగుండానికి అలాంటి మబ్బు ముందు నడిచే అవకాశం ఉంది. పొద్దున లేని మేఘం సాయంత్రానికి మీద పడితే రాత్రి చంద్రుడేం చెబుతాడు? ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో సముద్రం మీద ఇంత భాగం, కొండల మీద ఇంత భాగం, భూమి మీద ఇంత భాగం అని వాన పంచి చెబుతారు. సరదాగా వినడానికి బాగానే ఉంటుంది గానీ పంపకం మండలాల దాకా రాదు.

2018 ఏప్రిల్ 24ను ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ విభాగం మర్చిపోలేదు. ఆ ఒక్క రోజు 13 గంటల్లో రాష్ట్రంలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ప్రాణాలూ పోయాయి. అదేమీ తుపాను రోజు కాదు. సముద్రంలో వాయుగుండం లేదు, ఓడరేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేయలేదు. మామూలు వేసవి ఉరుములే. లెక్క అంత కచ్చితంగా ఎలా చెప్పారంటే, పిడుగు పడ్డప్పుడు వెలువడే రేడియో తరంగాల్ని పట్టే గ్రాహకాలు అప్పటికే పనిచేస్తున్నాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన 'దామిని' యాప్ కూడా ఈ పద్ధతి మీద నడిచేదే. మచిలీపట్నం, విశాఖపట్నంలలో డాప్లర్ రాడార్లున్నాయి. వాటి తెరల మీద మేఘం ఎటు కదులుతోందో చూసి రాబోయే మూడు గంటలకు సూచన ఇస్తారు. దాన్నిబట్టి విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో సెల్‌ఫోన్లకు సందేశాలు పంపుతుంది: పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడవద్దు. ఇరవై ఏళ్ల కిందట రేడియోలో తుని, కాకినాడ, నర్సాపురం ఉష్ణోగ్రతలు విని సర్దుకున్న తరానికి ఇది చిన్న మార్పు కాదు. వాతావరణ శాఖను తిట్టడం తెలుగువాళ్ల కాలక్షేపాల్లో ఒకటి. ఈ విషయంలో మాత్రం ఆ తిట్లు పాతబడ్డాయని నా అభిప్రాయం.

తుపానుల సంగతిలో మన యంత్రాంగానికి అలవాటైన దారి ఉంది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన పెను తుపాను 967 మందిని బలి తీసుకుంది. నవంబరు తుపానుల్నే ఎరిగిన డెల్టాకు మే నెలనూ నమ్మకూడదని అది గట్టిగా చెప్పింది. 2004 నుంచి మన సముద్రాల తుపానులకు పేర్లు పెడుతున్నారు. పేరుంటే టీవీలో బొమ్మ ఉంటుంది, కలెక్టరేట్‌లో కంట్రోల్ రూము తెరుస్తారు, ప్రత్యేకాధికారులొస్తారు. 2010 మేలో 'లైలా' బాపట్ల దగ్గర తీరం దాటింది. 2022 మే 11న 'అసాని' మచిలీపట్నం, నర్సాపురం వైపు తిరిగొచ్చి అక్కడే బలహీనపడింది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. మరబోట్లు ఎలాగూ రేవులోనే ఉంటాయి. అంటే పేరున్న తుపాను వచ్చే నాటికి సముద్రంలో మనుషులు తక్కువ, ఒడ్డున అధికారులు ఎక్కువ.

పేరు లేని గాలివానకు ఇవేవీ ఉండవు. 2023 వేసవినే తీసుకోండి. ఏప్రిల్ ఆఖరి నుంచి మే మొదటి వారం దాకా గోదావరి జిల్లాల్లో అకాల వర్షాలు పడుతూనే ఉన్నాయి. రాశులు తడిశాయి, మొలకలొచ్చాయి, రాజకీయ నాయకులు వరసగా కళ్లాల్లోకి దిగారు. అదే సమయంలో బంగాళాఖాతంలో 'మోఖా' పుట్టింది. అందరి కళ్లూ అటు తిరిగాయి. అది మే 14న మయన్మార్ తీరానికి వెళ్లిపోయింది. మన నష్టమంతా అంతకు ముందే, ఊరూ పేరూ లేని మబ్బుల వల్ల జరిగిపోయింది.

ఆ నష్టం ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూడాలి. కోత మిషన్ లోంచి దిగిన ధాన్యంలో తేమ ఇరవై శాతం పైనే ఉంటుంది. ప్రభుత్వం కొనాలంటే 17 మించకూడదు. ఆ నాలుగైదు శాతం దించడానికే ఈ రోడ్ల మీద ఆరబోతలన్నీ. రెండు మూడు ఎండలు తగలాలి. కాళ్లతో చాళ్లు తీస్తూ గంట గంటకూ తిరగేయాలి. సాయంత్రం కుప్ప చేసి బరకం కప్పాలి. బరకాలు చాలామందికి సొంతం కాదు, రోజుకింతని అద్దెకు తెచ్చుకుంటారు. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగుతుంది, 'మీ మండలంలో ఉరుములతో వర్షం' అని. అప్పుడు కళ్లంలో నడిచే మాటలు ఇలా ఉంటాయి:

"ఏరా అబ్బాయ్, మబ్బెటుంది?"

"ఆయ్, గోకవరం వైపు నల్లగా దిగుతోందండి బాబాయ్‌గారూ."

"అయితే ఎత్తేద్దాం, కొట్టించు."

"నిన్నా ఇలాగే ఎత్తించేరండి. చినుకు లేదు."

ఈ చివరి మాటలోనే చిక్కంతా ఉంది. మంచి ఎండలో బరకం కప్పితే అడుగున ధాన్యం ఉక్కకు చెమరుస్తుంది, వేడెక్కుతుంది, ముక్కిపోయిన వాసన పడుతుంది. పొద్దుటి నుంచీ దించిన తేమ మళ్లీ ఎక్కుతుంది. కూలీలకు డబ్బు రెండోసారి ఇవ్వాలి. రాని వానకు కప్పినా నష్టమే, వచ్చే వానకు కప్పకపోయినా నష్టమే. మొదటిది వందల్లో పోతుంది, రెండోది వేలల్లో. కాబట్టి కప్పడమే నయమని కాగితం మీద ఎవరైనా తేల్చగలరు. అయిదు రోజులు వరసగా కప్పి విప్పినవాడికి ఆరో రోజు చెయ్యి ఆడదు.

తడిసిన ధాన్యంలో పాడయ్యేది రంగొక్కటే కాదు. ఎండి, తడిసి, మళ్లీ ఎండిన గింజ లోపల పగుళ్లిస్తుంది. మిల్లులో నూక పెరుగుతుంది. అసలే వేసవి ధాన్యం పచ్చిబియ్యానికి ఆడిస్తే నూక ఎక్కువ, అందుకే దాళ్వా పంట ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పోతుంది. ఇంకా కోయని చేను పడిపోయి నీళ్లలో నానితే వెన్ను మీదే మొలక వస్తుంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1925 నుంచీ వరి మీద పనిచేస్తోంది. కోత తర్వాత గింజ కొన్నాళ్లు మొలకెత్తకుండా ఉండే గుణాన్ని వంగడాల్లో చూసుకోవడం అక్కడి శాస్త్రవేత్తల పనిలో భాగం. ఆ గుణం లేని రకానికి లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేయమంటారు. చవకైన మందు, పనిచేసేదే. కాకపోతే వాన వెలిసిన వెంటనే చల్లాలి. పైగా నేల తడిస్తే టైర్ల కోత మిషన్ దిగబడుతుంది, చైన్ మిషన్ కోసం ఊరంతా ఎగబడతారు, అద్దె ఎగురుతుంది.

2022-23లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాకు 2,040 రూపాయలు. ఇక్కడి లెక్కలో 75 కిలోల బస్తాకు 1,530. తేమ పేరుతో తరుగు తీస్తే అందులో ఎంత మిగిలిందో రైతునడగాలి. చాలా ఊళ్లలో సార్వా (తొలి పంట) మక్తా కింద పోతుంది, కౌలుదారుకు చేతిలో మిగిలేది దాళ్వాయే. గాలివాన వచ్చి పడేది సరిగ్గా ఆ మిగులు మీద.

వరి ఒక్కదాని గొడవే కాదనుకోండి. ఆత్రేయపురంలో మామిడి తాండ్ర పొర మీద పొరగా చాపల మీద ఎండుతుంటుంది, ఓ జల్లు చాలు ఆ చాప పనికిరాకుండా పోవడానికి. మెట్టలో జీడి, మామిడి రాలతాయి. భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల మీద మబ్బు కమ్మితే నీటిలో నాచు ఆక్సిజన్ తయారు చేయడం తగ్గుతుంది. అదే సమయానికి గాలికి కరెంటు పోతుంది, ఏరేటర్లు ఆగుతాయి. జనరేటర్‌కి డీజిల్ ఉందా లేదా అన్నదాని మీద ఆ రాత్రి గడుస్తుంది. రొయ్యల రైతు వాతావరణ సూచనను వరి రైతు కన్నా జాగ్రత్తగా చదవడానికి కారణం చదువు కాదు. సూచన చదివాక చేయగల పని అతని చేతిలో, చెరువు గట్టు మీదే ఉంది.

వరి రైతు చేతిలో ఉన్నది బరకం ఒక్కటే. మిగతావన్నీ ఇతరుల చేతుల్లో ఉన్నాయి. గోనె సంచులు రావాలి, తేమ కొలవాలి, మిల్లు కేటాయించాలి, లారీ రావాలి. కొనుగోలు కేంద్రంలో 17 చూపించిన యంత్రం మిల్లు గేటు దగ్గర 19 చూపిస్తుందన్న ఫిర్యాదు డెల్టాలో ఏటా వినేదే. నా దృష్టిలో ఉరుముల సూచనను పౌర సరఫరాల శాఖ చదవాల్సినంత శ్రద్ధగా ఇంకెవరూ చదవక్కర్లేదు. అయిదు రోజుల సూచనలో మూడో రోజు వాన కనబడితే మొదటి రెండు రోజుల్లో మాసూళ్లు సాగుతున్న మండలాల్లోకి సంచులు, లారీలు రెట్టింపు వెళ్లాలి. ఆ ఒక్క వారం తేమ లెక్క కాస్త సడలించి, ఆరబెట్టే పని మిల్లుల డ్రయ్యర్లకు అప్పగించాలి. తడిశాక 'తడిసిన ధాన్యమూ కొంటాం' అని ప్రకటించడం కన్నా ఇది ఖజానాకు భారం కూడా కాదు.

ఇంకో దారి క్యాలెండర్లో ఉంది. 2022లో ధవళేశ్వరం నుంచి డెల్టా కాలువలకు జూన్ 1నే నీళ్లొదిలారు. సార్వా ముందు మొదలైతే నవంబరు తుపానుకు దొరక్కుండా కోతకొస్తుంది, దాళ్వా నాట్లు ముందుకు జరుగుతాయి, మార్చి నెలాఖరు నుంచే మాసూళ్లు చేసుకోవచ్చు. ఆలోచన బంగారం లాంటిది. అయితే జూన్‌లో నీళ్లొచ్చినా నారు పోయనివాళ్లుంటారు, కాలువ చివరి భూములకు నీరు జులైకి గానీ ఎక్కదు, పూడిపోయిన డ్రెయిన్ల వల్ల ఆగస్టు వానకు నాట్లు మునిగి మళ్లీ వేయాల్సి వస్తుంది. అక్కడ పోయిన ప్రతి వారమూ ఏప్రిల్ ఆఖరులో ఉరుము కింద తేలుతుంది.

ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేసే తేదీ ప్రకటిస్తారు. ఆ నాటికి కోత కాని ఎకరాలు మండలాలవారీగా ఎన్నో వ్యవసాయ శాఖకు తెలుసు. ఏ మిల్లులో ఎంత చోటుందో పౌర సరఫరాల శాఖకు తెలుసు. మబ్బు ఎటు కదులుతోందో మచిలీపట్నం రాడార్‌కు తెలుసు. ఈ మూడు పట్టికలూ రోజూ పొద్దున ఒకే బల్ల మీదకు రావడానికి కొత్త చట్టం గానీ కొత్త యంత్రం గానీ అక్కర్లేదు. మే నెలాఖరు దాకా, ఆ నలభై అయిదు రోజులూ వాటిని చూసే అధికారి ఒకరుంటే చాలు.