కొమ్మ కోత – చెట్టు రక్షణ

వేప, నిద్రగన్నేరు వంటి పెరటి చెట్ల కొమ్మలను మానుకు ఆనించి నున్నగా కోయించడం, తొర్రలను సిమెంటుతో పూడ్పించడం చాలాచోట్ల కనిపిస్తుంది. రెండూ హానికరమే. జంతువు గాయంలా చెట్టు గాయం మానదు. కుళ్లు చుట్టూ చెట్టు రక్షణ పొరలు నిర్మించి, దానిని అక్కడికే పరిమితం చేస్తుంది. అమెరికా శాస్త్రవేత్తలు షైగో, మార్క్స్ 1977లో ఈ ప్రక్రియను వివరించారు. కొమ్మ మొదట్లోని ఉబ్బెత్తు భాగంలో ఈ రక్షణ బలంగా ఉంటుంది. నున్నని కోత తొలగించేది సరిగ్గా దానినే.

బరువైన కొమ్మను మానుకు అడుగు దూరంలో ముందు కింది నుంచి కొంత కోసి, ఆపై కాస్త వెలుపల పైనుంచి తెగగొయ్యాలి. అప్పుడు బెరడు మాను వరకు చీలదు. మిగిలిన మోడును ఉబ్బును తాకకుండా దాని వెలుపల కోయాలి. తొర్రను లోతుగా గీకితే రక్షణ పొరే తెగి, కుళ్లు ఆరోగ్యకరమైన కలపలోకి వ్యాపిస్తుంది. గాలికి మాను ఊగినా సిమెంటు వంగదు. ఆ రాపిడికి కొత్త కణజాలం దెబ్బతింటుంది.