అత్తయ్య విన్న బుర్రకథ

మీ ఇంట్లో పెద్దవాళ్ళని నాజర్ గారి గురించి అడిగారా? గుంటూరు దగ్గర పొన్నెకల్లు ఆయనది. బుర్రకథకి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. నడుమ తంబూరాతో ఆయన, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం!

మా అత్తయ్య కొత్త కోడలిగా ఉండగా ఊళ్ళో ఆయన కథ పెట్టించారట. కోడళ్ళు వెళ్ళకూడదన్నారు. ఈవిడేమో మిరపకాయల తొడిమలు తీస్తానని దొడ్లో లాంతరు పెట్టుకుని, పిట్టగోడ పక్కన కూర్చుని మైకులో పల్నాటి యుద్ధం మొత్తం విన్నారట. మనిషిని చూడనే లేదు, గొంతే! పొద్దున కళ్ళెర్రబడ్డాయేమని మామయ్య అడిగితే, "మిరప ఘాటండీ" అన్నారట.

ఇప్పుడు ఆవిడకి మా పేర్లే గుర్తుండటం లేదు. మొన్న మా అబ్బాయి ఫోన్లో నాజర్ గారి కథ పెట్టాడు. తాలింపు వేస్తూ వంటింట్లోంచి తొంగిచూశాను. అత్తయ్య వేళ్ళు మంచంపట్టె మీద తాళం వేస్తున్నాయి.