గృహము స్వదేశమున, గృహస్థు విదేశమున

నల్లమలకు పడమటనున్న నంద్యాల, ఆళ్ళగడ్డలలో ఇల్లు కట్టించి, బ్రతుకుతెరువుకై గల్ఫు దేశములలోనో, అమెరికాలోనో నివసించువారు కలరు. గోడలు లేచినంతనే ఇల్లు కాదు. దీపము వెలుగవలెను, కుళాయి పారవలెను. యజమాని దూరముననున్నచో దరఖాస్తుపై చేవ్రాలు చేయువారెవరు?

2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టములోని 43వ సెక్షను యజమానికేగాక, ఆ ఇంట నివసించువారికిని కనెక్షను కోరు హక్కునిచ్చినది. కొడుకు పేరనున్న ఇంట వసించు వృద్ధమాత తన నివాసమునకు ఆధారములు చూపి తానే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దరఖాస్తు సమగ్రముగానుండి, కొత్త లైను వేయనక్కరలేనిచో, 2024 నాటి సవరణ ననుసరించి పురపాలక ప్రాంతములలో 7 దినములలోను, గ్రామములలో 15 దినములలోను కనెక్షను ఈయవలెను.

యజమాని తన తరఫున వేరొకరిని నియమింపదలచినచో, అచ్చటి భారత కాన్సలు సమక్షమున అధికారపత్రము వ్రాసి పంపవచ్చును. అది స్వదేశము చేరిన 3 మాసములలో దానికి స్టాంపు సుంకము చెల్లింపవలెను. ఇక బిల్లులు విదేశమునుండియే కట్టు ఏర్పాటును రిజర్వు బ్యాంకు 2022లో ప్రకటించినది.

సొమ్ము క్షణములో సముద్రము దాటును. మీటరు చూచుటకు, నీరు పట్టుటకు మాత్రము ఇంట మనిషి యుండవలెను. ఆ మనిషికి గల హక్కు ఆ మనిషికే తెలియకున్న ప్రయోజనమేమి? బడిలో లేఖారచన నేర్పునపుడు ఇట్టి దరఖాస్తు నొకదానిని వ్రాయించుట మేలు. రేపు అవ్వకు దానిని వ్రాసిపెట్టువాడు ఆ మనుమడే గదా!