మోటారుబండి డిక్కీలో చెమ్మ

బండి నెవరు నడిపినను, డిక్కీ నింపుటయు దింపుటయు పెక్కిండ్లలో మన చేతిపనియే. పెండ్లికి తీసికొనిపోవు ధర్మవరము పట్టుచీరలు, పుట్టింటినుండి తెచ్చుకొను చెనిక్కాయల సంచి, పసిబిడ్డల పక్కబట్టలు అన్నియు నచ్చటనే యుండును. కాబట్టి డిక్కీ తెరవగానే ముక్కిన వాసన వచ్చినచో మొదట గుర్తించువారమును మనమే. ఆ వాసనను అత్తరుతో కప్పిపుచ్చక, అది యెచ్చటినుండి వచ్చుచున్నదో విచారింపవలెను.

కొత్తచెరువు, పెనుకొండ ప్రాంతములలో ఈ మాట చెప్పిన నవ్వువారు కలరు. ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. తాగునీటికే కటకటపడు సీమలో బండిలోనికి నీరు చేరుట యేమని వారి ప్రశ్న. నిజమునకు ఇచ్చట చెమ్మకు మూలము వానలేమియే. నెలల తరబడి మండు నెండకు డిక్కీ మూతచుట్టు నుండు రబ్బరు బీడింగు బిరుసెక్కి పగుళ్లు బారును. వాననీటిని ప్రక్కలకు దింపుటకై మూతక్రింద నేర్పరచిన సన్నని కాలువలలో ఎర్రదుమ్మును వేపాకును చేరి గట్టిపడును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వాన గట్టిగా పట్టిననాడు నీటికి పోవు త్రోవ మూసికొని, రాగూడని త్రోవ తెరచుకొని యుండును. చెరువు పేరే ఊరిపేరుగా గలవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కాలువ పూడినచో నీరు గట్టు దాటును గదా.

చెరువు పోలిక మరియొక విధమునను పనికివచ్చును. కట్టకు బుంగ పడినప్పుడు నీరు చొచ్చినచోటు కనబడదు; కట్ట వెనుక పొలములో ఊట మాత్రము కనబడును. డిక్కీయు నట్లే. నీరు నిలుచునది అట్టడుగున, స్టెప్నీ చక్రముండు గుంటలో. అది చొచ్చినచోటు మీదెక్కడనో యుండును. బీడింగు ఒక్కటే దోషి యని యెంచి దానిని మార్చి, వాన వచ్చినపుడు మరల తడి చూచి విసుగుకొనువారు పెక్కుమంది. వెనుక దీపముల చుట్టునుండు మెత్తని పట్టీ నలిగియుండవచ్చును. పైకప్పు రేకులు కలియుచోట పూసిన మైనము వంటి పూత పగిలియుండవచ్చును. కప్పుమీది ఏరియలు మొదలునుండి గాని, బంపరు వెనుక గాలి పోవుటకుంచిన రెక్కలనుండి గాని నీరు దిగవచ్చును. వెనుక అద్దమునకు నీరు చిమ్ము గొట్టమున్న బండ్లలో ఆ గొట్టము ఊడినచో, వాన లేకయే డిక్కీ తడియును.

దొంగత్రోవను కనిపెట్టు విధము సులువైనది. మొదట డిక్కీలోని చాపను, క్రింది అట్టను, స్టెప్నీని తీసి అంతయు నారబెట్టవలెను. పిమ్మట బీడింగుపై సుద్దపొడి చల్లి మూత వేసి తెరచినచో, రబ్బరు తాకినంతమేర రేకుపై తెల్లని గీత పడును. గీత తెగినచోట సందు కలదని తెలియును. ఆ మీదట ఒకరు గొట్టముతో నీటిని మెల్లగా పోయుచుండగా, మరియొకరు వెనుక సీటు మడిచి కారులోపలినుండి టార్చిలైటుతో చూడవలెను. నీరు క్రిందినుండి పైకి, ఒక్కొక్కచోట కొన్ని నిమిషములు పోయవలెను. మొదటనే కప్పుమీద కుమ్మరించినచో ఎచ్చట కారినదో తేలదు. ఎంత చిన్న పనికైనను మనిషిని, అందును బిడ్డను, డిక్కీలో నుంచి మూత వేయరాదు. అది ప్రాణాపాయము.

ఇంత శ్రమ యేల, చాప నెండవేసిన చాలదా యని కొందరందురు. తడిసిన బట్ట ఒకటి రెండు దినములలో ఆరనిచో బూజు పట్ట నారంభించును. పట్టు మరక పడును, జరీలోని వెండి నల్లబడును. చెనిక్కాయల కింకను ముప్పు. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినవి. వాటికి పెట్టిన వేరుసెనగ పిండిలో బూజు పుట్టించిన విషమే కారణమని పిదప తేలినది. అఫ్లటాక్సిన్ అను ఆ విషము కాలేయమునకు కీడు చేయును. వేచినను ఉడికించినను పూర్తిగా పోదు. కావున తడి డిక్కీలో రాత్రియంతయు నుండి బూజుపట్టిన గింజలను ఏరి వాడుకొందమను పొదుపు పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. నీరు చొచ్చు సందు పొగకును సందే. పెట్రోలు, డీజిలు బండ్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ అను వాయువుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. బండి సాగునపుడు వెనుకభాగమున గాలి సుడి తిరిగి, సైలెన్సరు పొగలో కొంత బీడింగు సందులగుండ డిక్కీలోనికిని, అచ్చటినుండి వెనుక సీటులోనికిని రావచ్చును. వెనుక సీటులో కూర్చుండువారు తరచుగా పిల్లలే. ప్రయాణములో తలనొప్పి, మగత, వికారము కలిగి, దిగి గాలి పీల్చిన పిమ్మట తగ్గుచున్నచో, అది ప్రయాణపు బడలిక యని త్రోసివేయరాదు. సామాను పట్టక మూతను త్రాటితో సగము కట్టి పోవుటయు ఇట్టి ప్రమాదమే.

ఇక చికిత్స. పూడిన కాలువలను మెత్తని నైలాను తీగతో శుభ్రపరచవలెను. ఇనుపతీగ రంగును గీకి తుప్పునకు దారి చూపును. బీడింగును సబ్బునీటితో కడిగి, ఆరిన పిదప సిలికాను పూత పూయవలెను. కిరోసిను గాని వంటనూనె గాని పూయరాదు. వానివలన రబ్బరు ఉబ్బి మెత్తబడి చెడును. పగిలిన బీడింగును, దీపముల పట్టీలను మార్పించుటయే మేలు. రేకుల అతుకులను పనివానిచేత పూయింపవలెను. తుప్పు మరక కనబడినచో వెంటనే గీకించి రంగు వేయింపవలెను. స్టెప్నీ గుంట యడుగున రబ్బరు బిరడా యుండినచో దానిని తీసి నీరు వదలి, మరల తప్పక బిగింపవలెను. మరచినచో రోడ్డుమీది నీరు అచ్చటినుండియే పైకెగజిమ్మును. పిమ్మట మన సీమ యెండ యుండనే యున్నది. ఒకటి రెండు దినములు చాపలను విడిగా నెండనిచ్చి, మిగిలిన వాసనకు వంటసోడా చల్లి దులుపవలెను. గుడ్డలో మూటగట్టిన బొగ్గులు చెమ్మను కొంత పీల్చును. కాని త్రోవ మూయక బొగ్గులు పెట్టుట బుంగను వదలి ఊటను తోడుటయే.

స్టెప్నీని గూర్చి యొక్కమాట. వేల్సుదేశములోని లనెలీ పట్టణమున స్టెప్నీ వీథిలో 1904 ప్రాంతమున ఇట్టి చక్రములు తయారయ్యెను. ఆ వీథి పేరే మన పల్లెలదాక వచ్చినది. పేరు నిలిచినది గాని, నీటిలో నానుచు తుప్పుపట్టిన చక్రమును బిగిసిన జాకీయు నడిదారిలో అక్కరకు రావు. కొత్తచెరువు చెంతనున్న ప్రశాంతినిలయము స్టేషనులో దిగు బంధువులను చీకటివేళ తీసికొని వచ్చునపుడు చక్రము పగిలినచో, ఈ చిన్న యశ్రద్ధకు వెల యెంతయో తెలియును.

శ్రావణమాసమున వ్రతములకై ఇల్లు కడుగుకొనునాడు డిక్కీని గూడ ఒకమారు ఖాళీచేసి, స్టెప్నీ నెత్తి, గుంట యడుగున చేయిపెట్టి చూడుడు. చేతికి తడి తగిలినచో, పెద్దవానలు రాకమునుపే త్రోవ వెదకి మూయించుడు. అది పూటపని మాత్రమే.